సవర మాట నేర్చుకున్న మాస్టారు
(గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం)



ప్రతి సంవత్సరం ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాము. అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆ రోజు ఆయన ఫోటోకి దండ వేసి, ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడారని ఉపన్యాసం అప్పజెప్తాము, చప్పట్లు కొడతాము. అంతటితో అయిపోతుంది. కానీ ఆయన తెలుగు కోసం పోరాడక ముందే కొండల్లో ఉండే సవర పిల్లల కోసం పెద్ద పని చేశారు. ఆ పనిలో తిరిగి తిరిగి ఆయనకి చెవులు కూడా వినపడకుండా పోయాయి. ఈ సంగతి ఉపన్యాసాల్లో ఒక్క ముక్కలో చెప్పేస్తారు. మనం ఆదివాసీ పిల్లలం కాబట్టి మనకి ఆ ముక్కే ముఖ్యం. అందుకని ఈసారి గోడపత్రికలో దాని గురించి ఎక్కువ రాస్తున్నాను.

చిన్నతనం

రామమూర్తి గారు 1863వ సంవత్సరం ఆగస్టు 29న పర్వతాలపేట అనే ఊరిలో పుట్టారు. అది శ్రీకాకుళం పైన వంశధార నది ఒడ్డున ఉంది. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవిన్యూ ఉద్యోగి. ఉద్యోగమన్నాక బదిలీలు ఉంటాయి కదా. అలాగ వీర్రాజు గారికి చోడవరం బదిలీ అయింది. ఇది మనకి తెలిసిన చోడవరమే, మన అనకాపల్లి జిల్లాలోది. అప్పుడు జిల్లా అనకాపల్లి కాదు, విశాఖపట్నం. మన జిల్లా 2022లో వచ్చింది.

చోడవరంలో వీర్రాజు గారికి విషజ్వరం వచ్చింది. 1875లో అక్కడే చనిపోయారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్ళు. అంటే మన ఏడో తరగతి చెల్లెళ్ళ వయసు అన్నమాట. ఇంటికి పెద్దదిక్కు పోతే పిల్లల చదువు ఏమవుతుందో మన హాస్టల్లో చాలామందికి వేరే చెప్పక్కరలేదు. ఆయన చదువు మాత్రం ఆగలేదు. విశాఖపట్నంలో మేనమామ గారి ఇల్లు ఆసరా అయింది. తరువాత విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చేరారు. కన్యాశుల్కం నాటకం రాసిన గురజాడ అప్పారావు గారు కూడా అప్పుడు అక్కడే చదువుతున్నారు. ఇద్దరూ స్నేహితులయ్యారు. ఆ స్నేహం పెద్దయ్యాక తెలుగు దేశానికంతటికీ పనికి వచ్చింది.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆ సంవత్సరమే ఆయనకి పెళ్ళి కూడా అయింది. పదహారేళ్ళకే సంసారం మీద పడింది. కాలేజీకి వెళ్ళి చదువుకోడానికి కుదరలేదు. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో మాస్టారుగా చేరారు. జీతం నెలకి 30 రూపాయలు. మొదటి ఫారం పిల్లలకి, అంటే ఇప్పటి ఆరో తరగతికి, చరిత్ర పాఠాలు చెప్పేవారు.

ఊరుకోని మనిషి

ఉద్యోగం వచ్చింది, జీతం వస్తోంది అని ఆయన ఊరుకోలేదు. పగలు పాఠాలు చెప్తూ ఇంటి దగ్గర తానే చదువుకొని ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు ప్రైవేటుగా ప్యాసయ్యారు. పర్లాకిమిడికి దగ్గరలో వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుడులు ఉన్నాయి. ఆ గుళ్ళ రాళ్ళ మీద పాతకాలం అక్షరాలు చెక్కి ఉంటాయి. వాటిని శాసనాలు అంటారు. అందరూ దేవుడికి దండం పెట్టుకొని ఆ రాళ్ళ పక్కనుంచే వెళ్ళిపోయేవారు. రామమూర్తి గారు మాత్రం ఆగి ఆ అక్షరాలు ఏమిటా అని చూశారు. పాత లిపులు నేర్పేవాళ్ళు ఎవరూ లేకపోయినా తనంతట తానే నేర్చుకొని ఆ శాసనాలు చదివారు. కళింగ దేశాన్ని ఏలిన గంగ రాజుల చరిత్ర గురించి వ్యాసాలు రాశారు.

ఆయన గుణం ఇక్కడే తెలుస్తుంది. పదిమంది రోజూ చూసి వదిలేసిన దాని దగ్గర ఆయన ఆగుతారు. మొదట రాళ్ళ దగ్గర ఆగారు. తరువాత మనుషుల దగ్గర ఆగారు. ఆ మనుషులే సవరలు.

సవర మాట

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. ఇప్పుడు మన రాష్ట్రంలో సీతంపేట, భద్రగిరి వైపు ఉన్నారు, ఒడిశాలో కూడా ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్ళకి బడులు లేవు. చదువు రాని మనిషికి సంతలో ఎంత లెక్క చెప్తే అంతే లెక్క. కాగితం మీద ఏమి రాసి వేలిముద్ర వేయమంటే అదే. రామమూర్తి గారు వీళ్ళకి చదువు చెప్పాలి అనుకున్నారు.

అలాగ అనుకున్న వేరే మనిషి అయితే తెలుగు పుస్తకం పట్టుకెళ్ళి కొండ మీద అ ఆ ఇ ఈ మొదలు పెట్టును. ఆయన అలాగ చెయ్యలేదు. వాళ్ళకి నేను నేర్పే ముందు వాళ్ళ దగ్గర నేను నేర్చుకోవాలి అనుకున్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒకతన్ని తన ఇంట్లోనే ఉంచుకొని సవర మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ కాలంలో బ్రాహ్మణుల ఇంట్లో కొండ సంగతులు తెలిసిన మనిషిని గురువులాగ కూర్చోబెట్టుకొని, ఆ ఇంటి యజమాని శిష్యుడులాగ నేర్చుకోవడం మామూలు విషయం కాదు. ఊళ్ళో కొలువు ఉన్న మాస్టారు, రాజా వారి స్కూలు మాస్టారు, మళ్ళీ ఒకటో తరగతి పిల్లాడిలాగ మాటలు వల్లె వేశారన్నమాట.

సవర నేర్చుకోవడం తేలిక కాదు. ఎందుకంటే అది తెలుగుకి చుట్టం కాదు. మన హాస్టల్లో కొందరు మాట్లాడే కువి, కొండ భాషలు తెలుగు కుటుంబంలోవే. దానిని ద్రావిడ కుటుంబం అంటారు. సవర ముండా కుటుంబం. సంతాలీ, ముండారి, మన గదబల్లో కొందరు మాట్లాడే గుతోబు ఆ కుటుంబంలోవి. సవరలో గొంతులో టక్కున ఆగిపోయే శబ్దాలు ఉంటాయి. తెలుగులో అవి లేవు. అప్పటికి సవరకి సొంత లిపి లేదు. పుస్తకం చూసి నేర్చుకుందామంటే పుస్తకమే లేదు. చెవితో వినడం, నోటితో అనడం, తప్పు అయితే మళ్ళీ అనడం. అదొక్కటే దారి.

అందుకని ఆయన ఇంట్లో కూర్చోలేదు. కొండలెక్కి సవర ఊళ్ళకి వెళ్ళేవారు. రోడ్లు లేవు. అడవి, గెడ్డలు, దోమలు. మన్యంలో తిరిగితే మన్యం జ్వరం పట్టుకుంటుంది. అదే మలేరియా. దాని సంగతి మనకి బాగా తెలుసు. ఆ రోజుల్లో మలేరియాకి ఉన్న మందు క్వినైన్. సింకోనా అనే చెట్టు బెరడు నుండి దాన్ని తీస్తారు. చాలా చేదుగా ఉంటుంది. ఎక్కువ వాడితే చెవుల్లో హోరు పుడుతుంది, వినికిడి తగ్గుతుంది. ఆయనకి జ్వరం వచ్చింది, క్వినైన్ వాడారు, జ్వరం తగ్గింది. కాని చెవులు దెబ్బతిన్నాయి. ఆ చెవుడు జీవితాంతం ఉండిపోయింది.

ఒకసారి ఆలోచించండి. చోడవరంలో జ్వరం తండ్రిని పట్టుకుపోయింది. కొండల్లో జ్వరం వినికిడిని పట్టుకుపోయింది. భాష నేర్చుకొనే మనిషికి చెవే పలక, చెవే బలపం. అది పోయాక ఇంక చాలు అని మానేసినా ఎవరూ తప్పు పట్టరు. ఆయన మానలేదు. మొత్తం ముప్పై అయిదు సంవత్సరాలు సవర భాష మీద పని చేశారు.

పుస్తకాలు, బడులు

నేర్చుకున్నది ఆయన దాచుకోలేదు. సవర మాటలను తెలుగు అక్షరాలతో రాసి పిల్లలకి వాచకాలు తయారుచేశారు. కథల పుస్తకం, పాటల పుస్తకం, సవర తెలుగు మాటల నిఘంటువు కూడా తయారుచేశారు. మొట్టమొదటిసారి సవర పిల్లలకి తమ ఇంటి మాట పుస్తకంలో కనపడింది. తన సొంత డబ్బులు పెట్టి సవరలకి బడులు పెట్టించారు, పంతుళ్ళకి జీతాలు ఇచ్చారు. ఆయన జమీందారు కాదు, బడి మాస్టారు. ఆ జీతంలోనే ఇల్లు గడవాలి, పిల్లలు పెరగాలి, కొండ మీద బడి కూడా నడవాలి. అందుకే ఈ పని ఆయన ఒక్కరిదే అని నేను అనుకోను. ఆ ఇంట్లో వండి పెట్టిన ఆడవాళ్ళ పేర్లు బిరుదుల పక్కన రాయరు. కానీ వాళ్ళు సర్దుకోకపోతే ఆ బడులు నడవవు.

ఆయన చేసిన పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం వారు డబ్బు బహుమానంగా ఇస్తామంటే తనకి వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1913లో ప్రభుత్వం వారు ఆయనకి రావు బహదూర్ అనే బిరుదు ఇచ్చారు.

ఆయన కొడుకు సీతాపతి గారు 1885లో పుట్టారు. ఇంట్లో సవర వినిపిస్తూ ఉండగా పెరిగారు. ఆయన కూడా సవర నేర్చుకొని తండ్రికి సాయం చేశారు. తరువాత సవరల పాటలు, ఆచారాల గురించి తానూ రాశారు. పిల్లల కోసం తెలుగులో పాటలు, పద్యాలు కూడా రాశారు. కొందరు తండ్రులు కొడుకులకు పొలం ఇస్తారు, కొందరు ఇల్లు ఇస్తారు. రామమూర్తి గారు కొడుక్కి ఒక భాషని ఇచ్చారు.

తెలుగు కోసం

ఇప్పుడు మనం ఉపన్యాసాల్లో చెప్పే సంగతికి వస్తాను. ఆ రోజుల్లో తెలుగు పుస్తకాలు గ్రాంథిక భాషలో ఉండేవి. మనం వస్తున్నాడు అంటాము, పుస్తకంలో వచ్చుచున్నాడు అని ఉండేది. మనం చేశాడు అంటాము, పుస్తకంలో చేసెను అని ఉండేది. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లలకి కూడా తెలుగు వాచకం పరాయి భాషలాగే ఉండేది. పరీక్షలో మాట్లాడినట్టు రాస్తే తప్పు కొట్టేవారు.

1906-07 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన ఉత్తర జిల్లాల స్కూళ్ళకి ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే తెలుగు ఒకలాగ, పుస్తకంలో తెలుగు ఇంకొకలాగ ఎందుకున్నాయి అని సందేహపడ్డారు. రామమూర్తి గారు, గురజాడ గారు, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఈ దొర అందరూ కలిసి బడుల్లో వాడుక తెలుగు రావాలని పని మొదలుపెట్టారు. 1911లో రామమూర్తి గారు ఉద్యోగం నుండి రిటైరయ్యి ఇంక పూర్తిగా ఈ పనిలో దిగారు.

పండితులు చాలామంది కోప్పడ్డారు. జయంతి రామయ్య పంతులు గారు వాళ్ళకి ముఖ్యులు. భాష పాడైపోతుంది అని వాళ్ళ భయం. వాళ్ళ గొడవకి ప్రభుత్వం కూడా వెనక్కి తగ్గింది. గురజాడ గారు 1915లో చనిపోయారు. చిన్ననాటి స్నేహితుడు పోయినా రామమూర్తి గారు ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన వాదన ఎలాగ ఉండేదంటే, ఊరికే అరవడం కాదు, పుస్తకాలు తెరిచి చూపించడం. పాత కవులు కూడా వాడుక మాటలు ఎక్కడెక్కడ వాడారో చూపించేవారు. గ్రాంథికమే రాయాలనే పండితులు తమ రాతలో తామే ఎక్కడ తప్పులు రాశారో అదీ చూపించేవారు. 1919లో తెలుగు అనే పేరుతోనే ఒక పత్రిక పెట్టారు. 1925లో తణుకులో జరిగిన సభలో గంటలకొద్దీ మాట్లాడి చాలామందిని తన వైపు తిప్పుకున్నారు. ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు గారు 1937లో జనవాణి పత్రికని వాడుక భాషలో నడిపారు. అలాగ మెల్లమెల్లగా పేపర్లు, తరువాత పుస్తకాలు మారాయి. ఇప్పుడు మన సోషల్ పుస్తకం చదివితే అర్థమవుతోంది అంటే అందులో ఆయన చెమట ఉంది.

నాకు ఒకటి అనిపిస్తుంది. సవర పని వేరు, తెలుగు పని వేరు కాదు. రెండూ ఒకటే. పిల్లలకి తెలిసిన మాటతో చదువు మొదలవ్వాలి అనేదే రెండింటిలోనూ ఉంది. ఆ సంగతి ఆయన పట్నంలో పండితుల దగ్గర కాదు, సవర కొండల్లో ముందు చేసి చూశారు.

ఇల్లు వదిలిన రోజు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయింది. పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. అలాగ కలపకూడదని రామమూర్తి గారు తెలుగు వాళ్ళని కూడగట్టారు కానీ జరగలేదు. అప్పటికి ఆయనకి డెబ్బై రెండేళ్ళు దాటాయి. యాభై ఏళ్ళకి పైగా ఉన్న ఊరు, ఇల్లు వదిలేసి కొత్త రాష్ట్రం మొదలైన ఆ రోజునే రాజమహేంద్రవరం వచ్చేశారు. ఆ గీత వల్ల సవర ఊళ్ళు కూడా కొన్ని అటు, కొన్ని ఇటు అయిపోయాయి.

ఆ వయసులో కూడా పని ఆగలేదు. ఇంగ్లీషులో ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదేళ్ళు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చి గౌరవించారు. 1940 జనవరి 22న ఆయన చనిపోయారు.

మనకి మిగిలిన పని

1936లోనే ఇంకొక మంచి సంగతి జరిగింది. మంగెయి గొమాంగో అనే సవర పెద్దాయన సవర భాషకి సొంత అక్షరాలు తయారుచేశారు. దాని పేరు సోరంగ్ సొంపెంగ్. ఒకళ్ళు వచ్చి చేసిపెట్టడమే కాదు, మనవాళ్ళు మన కోసం చేసుకోగలరు అని దీనివల్ల తెలుస్తోంది. 2000 తరువాత మన రాష్ట్రంలో సవర, కువి, కొండ, కోయ మొదలైన భాషల్లో చిన్న తరగతులకు తెలుగు అక్షరాలతో వాచకాలు తయారయ్యాయి. రామమూర్తి గారు వంద సంవత్సరాల ముందు పట్టిన దారే అది.

కానీ ఆయన గెలిచిన తెలుగు కూడా చదువుకున్నవాళ్ళ వాడుక తెలుగే. దాన్ని శిష్ట వ్యావహారికం అంటారు. మన వైపు ఊళ్ళలో అనే ఏటి, ఎల్లిపోనాడు లాంటి మాటలు ఇప్పటికీ నోట్‌బుక్కులో రాస్తే ఎర్ర ఇంకు పడుతుంది. ఇంక కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాటలు అసలు నోట్‌బుక్కు దాకా రావు. మా ఇంట్లో కువి మాట్లాడతారు. మా ఇంటి నుండి బడికి వచ్చినదాన్ని నేనే మొదట. ఒకటో తరగతిలో మాట రాని పిల్ల అని కొందరిని అంటారు. ఆ పిల్లలకి మాట లేకపోవడం కాదు. వాళ్ళకి ఒక మాట వచ్చు, బడికి వేరే మాట వచ్చు. అంతే తేడా.

పరీక్షలు రాయాలంటే పుస్తకం తెలుగు మనం బాగా నేర్చుకోవాలి, ఇంగ్లీషు కూడా నేర్చుకోవాలి. అది వద్దని నేను చెప్పడం లేదు. రామమూర్తి గారు కూడా ఇంగ్లీషు, సంస్కృతం, తెలుగు, సవర అన్నీ నేర్చుకున్నారు. ఒకటి నేర్చుకోవడానికి ఇంకొకటి పారేయలేదు. మనం కూడా పారేయకూడదు.

అందుకని మేడమ్ గారిని ఒకటి అడుగుతున్నాను. వచ్చే నెల నుండి ఈ గోడపత్రికలో ఒక మూల మన ఇంటి భాషలకి ఇవ్వండి. తెలుగు అక్షరాలతోనే రాస్తాము. ఒక నెల కువి, ఒక నెల కొండ భాష, ఒక నెల ఆదివాసీ ఒడియా. పక్కన తెలుగు అర్థం కూడా పెడతాము. ఇటుకల పండగకి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు మన అమ్మమ్మలని, తాతయ్యలని అడిగి ఇరవై మాటలు రాసుకొని రండి. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, దుంపల పేర్లు, వంట సామాన్ల పేర్లు ఏవైనా సరే. ముసలివాళ్ళు ఉండగానే అడగాలి. హాస్టల్లో కొత్తగా చేరి ఏడుస్తున్న చిన్న పిల్లలతో వాళ్ళ భాష వచ్చిన అక్కలు మొదటి నెల ఆ భాషలోనే మాట్లాడండి.

వినపడని చెవులతో ఆయన ఒక నిఘంటువు నిండా మాటలు పోగుచేశారు. మన చెవులు బాగానే వినపడుతున్నాయి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి.